చెప్పులు విప్పిన కోచ్

తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్క నిమిషం కుదురుగా లేడు. చెప్పులు విప్పి సీటు కిందికి తోసి, మాటిమాటికీ కాళ్లు కదిలిస్తా ఉన్నాడు. చూసి చూసి నాకే చిరాకు పుట్టి, కాళ్లు నొప్పులా అని అడిగినాను.

"లేదప్పా. ఇన్నేండ్లూ కాలేజీలో ఈత కోచ్‌ని, మొన్ననే రిటైరైనాను. ఎవడన్నా మునిగితే దూకాల గదా, చెప్పులుంటే అడ్డం. ఆ అలవాటు యాడికి పోయినా పోలేదు," అన్నాడు.

పాకాల దాటినాక నిండు చెరువులో కొందరు ఈదుతా కనపడినారు. ఒకడు గట్టు మీది నుంచి దూకినాడు. పెద్దాయన లేచి, "బస్సాపు! దూకినోడు ఇంకా తేల్లేదు!" అని అరిచినాడు. బస్సు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తినాడు.

ఆయన గట్టెక్కేసరికే వాడు అవతల తేలి నవ్వుతా ఉన్నాడు. బస్సులో వాళ్లూ నవ్వినారు. కండక్టరు, "రా సామీ, టైమైపోతాంది," అని పిలిచినాడు.

"మీరు పోండప్పా. వీళ్లంతా బయటికొచ్చినాక వేరే బస్సుకొస్తా."

బస్సులో కుదురు లేని మనిషి ఆడ కదలకుండా నిలబడినాడు. నేను కిటికీలోంచి, "సార్, మీ చెప్పులు!" అని కేకేసినాను. నీళ్ల మీది నుంచి చూపు తిప్పకుండానే, వద్దని చెయ్యి ఊపినాడు.