ముత్తమ్మ ఎడమ చెయ్యి

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని చెప్పుకోవడం కూడా గొప్పకే. మోసింది వేరేవాళ్ళు. నేను దాచానంతే. ఇక దాచలేక మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే ఈ మాత్రం నోరు పెగులుతోంది.

నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్‌ని. మాది వేంసూరు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. ఆడపిల్ల నిక్కరేసుకుని బంతి వెంట ఉరకడమేంటని ఊరు నవ్వితే, ఆ పళ్ళు రాలగొట్టాలన్నంత కోపంతో ఆడినదాన్ని. నాకు నోరెక్కువ. గ్రౌండ్‌లో నా విజిల్ కన్నా నా తిట్టే ముందు వినపడుతుందని పిల్లలంటారు. అంత నోరున్నదాన్ని చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర మూగదాన్నైపోయాను.

అప్పటికి నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి జూన్‌లో ఉంచుతారా తీసేస్తారా అని ఎదురుచూపు. ఆ ఏడు ప్రిన్సిపల్ గారు పిలిచి, యూనివర్సిటీ కప్పు తెస్తే నా పేరు పర్మనెంటుకి రాస్తానన్నారు. తేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కప్పు తేగల పిల్ల నా దగ్గర ఒక్కతే ఉంది. ముత్తమ్మ అనుకోండి. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే వచ్చే కోయగూడెం వాళ్ళది. పొడుగు పిల్ల, మాట తక్కువ. బంతి చేతికొస్తే మాత్రం, ఎదురున్నవాళ్ళు ఎటు కదలాలో తేల్చుకునేలోపు బుట్టలో వేసి వచ్చేసేది. అలాంటి పిల్ల ఏ కోచ్‌కైనా జీవితంలో ఒక్కసారి దొరుకుతుంది. నాకు దొరికింది. నేనేం చేశానో చూడండి.

కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి హాస్టల్ మెస్సులో చిక్కుడుకాయ కూర పెడితే ముట్టుకోలేదు. తిండి మానేస్తే ఎట్లా ఆడతావని కసిరాను. "మా ఊర్ల కొత్తల పండుగ ఇంకా కాలే మేడం. వేల్పులకు పెట్టకుండ కొత్త చిక్కుడు తినం" అంది. వంటామెతో చెప్పి ఆ వారమంతా తనకి పప్పే పెట్టించాను. నన్ను నమ్మి చెప్పుకున్న మాట అది. దాన్ని ఎక్కడ వాడుకుంటానో అప్పటికి నాకే తెలీదు.

మరుసటి ఏడు, ప్రిన్సిపల్ గారు కప్పు మాట అన్న ఏడే, రాష్ట్ర జట్టు ట్రయల్స్‌కి తీసుకెళ్ళాను. రెండు వారాలకు కాలేజీ అడ్రసుకి, నా పేరు మీద, కవరొచ్చింది. ముత్తమ్మ ఎంపికైంది. పదిహేను రోజుల క్యాంపుకు పంపమన్నారు. తేదీలు చూశాను. మా యూనివర్సిటీ పోటీలు సరిగ్గా ఆ రోజుల్లోనే. కవరు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రమయ్యాక రేపు చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకుంటున్నానా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేదు.

క్యాంపు మొదలైన రోజు రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘం సెక్రటరీ ఫోన్ చేశారు, మీ పిల్ల రాలేదేమని. నేను గ్రౌండ్ గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగానే ముత్తమ్మ ఆడుతోంది. బంతి చప్పుడు ఆయనకి వినపడుతుందేమోనని ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "కొత్తల పండుగని ఊరెళ్ళిందండీ. అక్కడ సిగ్నలుండదు. వీళ్ళు పండుగకి పోతే మళ్ళీ ఎప్పుడొస్తారో దేవుడికే తెలియాలి" అన్నాను.

ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. "అవ్, అడివి పిల్లలతోని ఎప్పుడూ గిదే లొల్లి" అని పెట్టేశారు. ప్రశ్న ఎందుకు వేస్తారు? మైదాన ప్రాంతం వాళ్ళం, మాకు ఆ మాట ఎప్పుడూ నాలిక చివరే ఉంటుంది. జ్వరమంటే, కాలు బెణికిందంటే, డాక్టరు కాగితం అడిగేవారు. అడవి పిల్ల పండుగకి పోయిందంటే ఎవరూ ఏ కాగితమూ అడగరు. అది తెలిసే ఆ అబద్ధాన్ని ఏరుకున్నాను. నిజానికి ఆ ఏడు పండుగకి రానని, మ్యాచులున్నాయని, ముత్తమ్మే ఇంటికి కబురు పంపింది. టీమ్ కోసం. నా కోసం.

రెండు రోజులకు, క్యాంపు మొదలైందని వేరే కాలేజీ పిల్లల ద్వారా తెలిసి, నా దగ్గరకొచ్చింది.

"లెటరేమన్న వచ్చిందా మేడం?"

"రాలేదు. లిస్టులో నీ పేరు లేదంట."

కాసేపు చేతిలో బంతినే చూసుకుంది. "నాల ఏం తక్కువైంది మేడం? చెప్పుండ్రి, దిద్దుకుంట."

ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పాను. "నీ ఎడమ చెయ్యి వీకు. ఎడమ పక్క నుంచి వేయలేవు."

"అవ్ మేడం" అంది. అంతే. నమ్మేసింది.

మర్నాటి నుంచి అందరికన్నా గంట ముందు గ్రౌండ్‌లో ఉండేది. కుడిచేతిని చున్నీతో నడుముకి కట్టేసుకుని, ఒక్క ఎడమచేత్తోనే బంతి కొట్టేది, వేసేది, పరుగెత్తి తెచ్చుకుని మళ్ళీ వేసేది. చెయ్యి అలవాటు పడాలని మెస్సులో అన్నం కూడా ఎడమచేత్తో కలుపుతుంటే పక్కపిల్లలు ఛీ అన్నారట. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఒక్క విజిల్ ఊదితే ఆగేది. ఏమని ఊదను?

కప్పు గెలిచాం. నా ఉద్యోగం పర్మనెంటైంది. మళ్ళీ ఏడు ట్రయల్స్‌కి ఆమె పేరు పంపితే, పిలిస్తే రాని పిల్ల అని కొట్టేశారు. అప్పుడైనా చెప్పాలి కదా? భయపడ్డాను. ఎందుకు భయపడ్డానో కారణాలన్నీ ఇక్కడ రాద్దామని నాలుగు పేజీలు రాసి చింపేశాను. కారణాలు నాకు బాగానే ఉన్నాయి. ఆమెకి ఒక్కటీ పనికిరాదు.

ముత్తమ్మ ఇప్పుడు భద్రాచలం అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. పోయిన నెల మా కాలేజీ గ్రౌండ్‌లోనే చిన్నపిల్లల సెలక్షన్లు పెట్టారు. బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురిలో నేనొకదాన్ని. ఆమె ఆరుగురు పిల్లల్ని తీసుకొచ్చింది. నా కాళ్ళకు దండం పెట్టి, వాళ్ళతో "ఈ మేడమే నా తప్పేందో నాకు చెప్పింది. మస్తు మంది చెప్పరు" అంది. ఆ ఆరుగురూ గ్రౌండ్‌లోకి దిగి, మొదట ఎడమచేత్తో బంతి కొట్టారు.

వాళ్ళలో ఒక పిల్ల ఉంది. పదమూడేళ్ళుంటాయేమో. బంతి చేతికొచ్చాక చూశాను. పదిహేనేళ్ళ కిందటి ముత్తమ్మ ఆటే.

నా పక్కనున్న సెలెక్టరు ఆ పిల్ల పేరు మీద గీత పెట్టాడు. "ఆట మంచిగనే ఉంది గని, అటు పిల్లలు వద్దు మేడం. పండుగొస్తే పోతరు. ఎన్కట ఒకామె గట్లనే చేసిందంట."

నా మాటే. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆ ఒకామె ఎవరో అతనికి తెలీదు. ఆమె పది అడుగుల దూరంలో, ఆ పిల్ల బూటు లేసు కడుతూ కూర్చుని ఉంది. ఎంతమంది పిల్లల పేర్ల మీద ఈ గీత పడిందో ఈ పదిహేనేళ్ళలో? ఆ గీత ఉన్న కాగితం నా ముందుకొచ్చింది. మిగతా ఇద్దరూ అప్పటికే సంతకం చేశారు. నేనూ చేశాను.

అవును, చేశాను. ఇప్పుడు ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేదు, రిటైర్మెంటుకి ఇంకెన్నాళ్ళుంది గనక. అయినా చేశాను.

పోతూ పోతూ ముత్తమ్మ బల్ల దగ్గరకొచ్చింది. "మా పిల్లల ఏం తక్కువైంది మేడం? చెప్పుండ్రి, నేర్పిస్త" అంది.

నోరు తెరిచాను. సంతకం చేసిన కాగితాన్ని ఫైలు కిందకి తోశాను. ఆమె కాసేపు ఎదురు చూసి, నాకు ఒంట్లో బాగాలేదనుకుందో ఏమో, మంచినీళ్ళ బాటిల్ నా ముందు పెట్టి, పిల్లల్ని తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఆమెకి చెప్పలేనిది మీకు చెప్తున్నాను. ముత్తమ్మ ఎడమచేతిలో ఏ తప్పూ లేదు. ఎప్పుడూ లేదు. ఆ పిల్లలోనూ లేదు. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరాడుతోంది, ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. నాకు ఊపిరాడితే వాళ్ళకేం ఒరిగింది? అక్కడ ఆ పిల్ల తనలో ఏం తక్కువైందో తెలీక, ఈ పొద్దున కూడా బంతి కొడుతూనే ఉండుంటుంది.