కాగితం మీద తగ్గింది

పటాన్‌చెరు మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాను. గంటగంటకూ ప్రెషర్ చూసి లాగ్‌షీట్‌లో రాయాలి. ఆడిట్ వస్తుందంటే ముందురోజు కూర్చుని, రాయకుండా వదిలేసిన గంటలన్నీ నింపేవాణ్ణి. అంకెలు మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని ఒకటి అటూ ఒకటి ఇటూ వేయడం కూడా తెలుసు. ఆ విద్య నా ప్రాణం మీదికే వస్తుందని అనుకోలేదు.

ఊపిరితిత్తిలో కేన్సర్ గడ్డకు మూడు వారాలకోసారి ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పే మందట. నాలుగు ఇంజెక్షన్లకు గడ్డ సగమైంది. ఆ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. ఆ శక్తే ఇప్పుడు నా పేగుల మీద పడిందని, స్టెరాయిడ్ మాత్రలతో అణచాలని డాక్టరమ్మ చెప్పింది. లేపిందీ వాళ్లే, అణచేదీ వాళ్లే. నాకు తలా తోకా తెలియలేదు. విరేచనాలు తగ్గకపోతే కేన్సర్ ఇంజెక్షన్ ఇక ఇవ్వలేమన్న ఒక్క ముక్క మాత్రం బాగా అర్థమైంది.

రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నానో రాయమని చార్టు ఇచ్చింది. పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి గోడకు తగిలించాను. తొమ్మిది, ఏడు, నాలుగు, ఐదు, మూడు, మూడు, రెండు. మధ్యలో ఆ ఐదు, నిజంలా ఉండాలని వేసింది. వారం తర్వాత చార్టు చూసి డాక్టరమ్మ సంతోషపడి మాత్రలు తగ్గించింది. మూడో రోజుకు విరేచనంలో రక్తం పడింది.

ఆసుపత్రిలో చేర్చారు. రెండుకు వచ్చిన మనిషికి ఇంతలో ఇలా ఎందుకైందో తెలియక ఆమె చార్టును తిప్పితిప్పి చూస్తోంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పక్కన నిలబడ్డ నా భార్య నోరు విప్పింది.

"గదంత తప్పు లెక్క మేడం. రెండని రాసిననాడు పన్నెండుసార్లు పోయిండు. బాత్రూం రేకు తలుపు సప్పుడు నేను లెక్కవెట్టిన."

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

స్టెరాయిడ్‌నే పెద్ద మోతాదులో నరానికి ఎక్కించారు. నాలుగు రోజులైనా విరేచనాలు ఆగలేదు. నేను దాచినందుకే లొంగడం లేదా అని డాక్టరమ్మను అడిగాను. కొందరికి మొదటినుంచీ స్టెరాయిడ్ పనిచేయదని, నేనూ ఆ కోవలోవాణ్ణేమోనని, చార్టు నిజమైతే ముందే తెలిసేదని చెప్పింది. అంటే తప్పు మందుదా, నాదా? ఇప్పటికీ తేలలేదు. తర్వాత వేరే మందు సెలైన్‌లో పెట్టారు, ఒంట్లో టీబీ దాగి ఉంటే ఆ మందుకు లేస్తుందని ముందు దానికి పరీక్ష చేశారు. పేగుల మీద పడ్డ ఆ రోగనిరోధక శక్తినే ఇంకో దారిలో పట్టి ఆపుతుందట. దాంతో విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. కేన్సర్ ఇంజెక్షన్ మాత్రం ఆపేశారు. దేనికి భయపడి అబద్ధం రాశానో అదే జరిగింది. గడ్డ ఊరుకుంటుందా, మళ్లీ లేస్తుందా అంటే స్కాన్ చూడాలన్నారు. ఇంజెక్షన్ లేదని ఏడవాలో, పేగు నిలిచిందని సంతోషపడాలో తెలియక రెండూ చేశాను.

ఇంటికొచ్చిన ఐదో రోజు రెండుసార్లే వెళ్లాను. అదే గోడకు కొత్త చార్టు ఉంది. పెన్ను తీసుకుని దాని ముందు నిలబడ్డాను. నేను దొంగలెక్కగా రాసిన అంకె కూడా అదే. వంటింట్లో ఉన్న భార్యను పిలిచాను.

"ఇయ్యాల ఎన్నిసార్లు పోయిన?"

"రెండే. నేను విన్న, రాయి," అంది.

అప్పుడు రాశాను.