పళ్లాయన గదిలో దెయ్యం

దంతవైద్యులు కొలతలు పంపితే కట్టుడు పళ్లు తయారు చేసి ఇవ్వడం ఆయన పని. అందుకని వీధిలో అందరూ ఆయన్ని పళ్లాయన అనేవారు. ఎదురుగా మాత్రం ఏమీ అనేవారు కాదు, ఎదురుపడకుండా తప్పుకునేవారు.

తప్పు కొంత ఆయనదీ ఉంది. తెల్లటి దవడల అచ్చుల్ని ఆరడానికి కిటికీ గట్టున వరసగా పెట్టేవాడు. దారిన పోయేవాళ్లను చూసి అవన్నీ ఒక్కసారిగా ఇకిలించేవి. పైగా, పళ్లకు మెరుగుపెట్టే మోటారు గుయ్యిమంటుంటే దాన్నే శ్రుతి చేసుకుని కూనిరాగం తీసేవాడు. గొంతు మంచిదే. మోటారుతో కలిస్తే మాత్రం, నూతిలో పడ్డాక కూడా పాట మానని మనిషెవరో పాడుతున్నట్టుండేది. ఆ పాటకే తన పాలు విరిగాయంది పక్కింటి కోడలు. ఆ పక్కింటాయన తన బట్టతలను కూడా అదే ఖాతాలో రాశాడు.

వీధి సంఘం అధ్యక్షుడు తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు. ఉద్యోగం పోయినా తూచే అలవాటు పోలేదు, ఇప్పుడు మనుషుల్ని తూస్తున్నాడు. నెలాఖరుకి ఆ గది ఖాళీ చేయించమని ఇంటావిడకు కబురు పెట్టాడు. పళ్లాయనకు ఇంతకుముందు రెండు గదులు ఇలాగే పోయాయి. ఈ గదికి పెద్ద కిటికీ ఉంది. పన్ను రంగు పన్నుతో కలవాలంటే పగటి వెలుతురు కావాలి. దీపం కింద పసుపు పన్ను కూడా తాను ముత్యాన్నని అబద్ధమాడుతుంది. ఇంత వెలుతురు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

ఆ వారమే అధ్యక్షుడు స్వయంగా వచ్చి తలుపు తట్టాడు. ఆ తలుపును ఎవరైనా తట్టడం అదే మొదలు. సంఘం తరఫున పోటీకి ఒక చిన్న సినిమా తీస్తున్నారట. దెయ్యం సినిమా, పాటలతో సహా. కొత్తగా వచ్చిన ఒంటరివాడు పాటలు పాడుకుంటుంటే, జనం దెయ్యమనుకుని తరిమికొడతారు. చివరికి మంచివాడని తెలుసుకుని కావలించుకుని ఏడుస్తారు. ఆ ముగింపు చెప్పేసరికి అధ్యక్షుడే జేబురుమాలు తీసుకున్నాడు.

వేషం తనకే అనుకున్నాడు పళ్లాయన. "నాకు నటన రాదండీ. పాటంటారా..." అని గొంతు సవరించుకున్నాడు.

"అబ్బే, మీకెందుకండీ శ్రమ? వేషం మా అల్లుడు కడతాడు. మీ గది ఓ రెండు రోజులు కావాలి. మీరు కాస్త ఎటైనా వెళ్లి కూర్చుంటే అదే పదివేలు."

గది ఇస్తే సంఘం మెత్తబడుతుందేమోనని ఒప్పుకున్నాడు. ఆ రెండు రోజులూ ఎదురుగా ఉన్న బస్టాపులో, రాని బస్సుకోసం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. లోపల అల్లుడు మొహానికి డబ్బాడు పౌడరు పట్టించి, దెయ్యం పొగ కోసం పెట్టిన మరిగే నీళ్ల ఆవిరిలో చెరో చేతా ఒక దవడ పట్టుకుని గెంతుతూ పాడాడు. ఆ ఆవిరికి, అచ్చుల మీద పళ్లను నిలబెట్టిన మైనపు చిగుళ్లు కరిగి, ఎవరివి ఎవరివో తెలియకుండా చుట్టరికాలు కలుపుకున్నాయి. పళ్లాయన పనంతా మళ్లీ మొదటినుంచీ చేసుకున్నాడు.

సినిమాకు బహుమతి వచ్చింది. వీధిలో తెర కట్టి వేశారు. ఒంటరివాణ్ణి రాళ్లతో కొట్టే చోట పక్కింటి కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే పళ్లాయన కూర్చోబోయాడు. ఆవిడ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూనే రెండో చేత్తో ఆ కుర్చీలో తన సంచీ పెట్టింది.

ఆ తర్వాత దెయ్యం గది చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో రావడం మొదలైంది. వీధికి ఎన్నడూ లేని పరువు వచ్చిపడింది. అధ్యక్షుడు మళ్లీ తలుపు తట్టాడు. ఖాళీ చేసే మాట మరిచిపొమ్మన్నాడు. జనం వచ్చినప్పుడు కిటికీ దగ్గర నిలబడి కాస్త పాడమన్నాడు, మరీ అంత ఆరోగ్యంగా కనబడకుండా.

పళ్లాయన పాడాడు. జనం పెదవి విరిచారు. అధ్యక్షుడు ఆయన్ని పక్కకు పిలిచి నచ్చజెప్పాడు.

"మా అల్లుడు పాడినట్టు పాడాలండీ. మీలో ఆ ఒంటరితనం కనబడ్డం లేదు."

పళ్లాయన కిటికీ గట్టు మీది దవడల్ని చూపించాడు.

"నన్ను పంపిస్తే ఈ దవడలూ నాతోనే వస్తాయి. అవి లేకపోతే ఇది ఉత్త గది. మీరు పంపరు, నేను పోను. ఇక పాటంటారా, కిటికీలోంచి పాడనండీ. తలుపు తీసే ఉంచుతాను. వినాలనున్నవాళ్లని లోపలికొచ్చి కూర్చోమనండి. టీ పెడతాను, ఎంతసేపు కావాలంటే అంతసేపు పాడతాను."

అధ్యక్షుడు ఆ మాట జనానికి చెప్పాడు. తలుపు బార్లా తీసి ఉంది. ఒకాయనకు ఉన్నట్టుండి వాచీ చూడాలనిపించింది. ఒకావిడ పిల్లవాడి బూటు తాడు విప్పి మళ్లీ కట్టింది. గడప ఎవరూ తొక్కలేదు.

చేసేది లేక అధ్యక్షుడు అల్లుడికి మళ్లీ పౌడరు పూయించి కిటికీ కింద నిలబెట్టాడు. ఇప్పుడు సెలవు రోజు వస్తే చాలు, అల్లుడు ఆ ఒంటరితనమంతా ఒలకబోస్తాడు, జనం కళ్లొత్తుకుంటారు. లోపల పళ్లాయన వెలుతురులో పన్ను పక్కన పన్ను పెట్టి రంగు సరిచూసుకుంటాడు. కుదిరాక మోటారు వేసి తన రాగమేదో తాను తీసుకుంటాడు.

మొన్నొకాయన చిరాకుపడ్డాడు. "లోపల ఆ రొద ఎవరిదండీ, చక్కటి పాట చెడగొడుతున్నాడు?"

"ఎవరో అద్దెకుంటున్నాయన లెండి," అన్నాడు అధ్యక్షుడు. "పట్టించుకోకండి."