వెనక కూర్చున్న మనిషి

పొద్దుటి నుంచి మా మోటార్‌సైకిల్ వెనక భాగం ప్రతి గుంతలోనూ కొట్టుకుంటోంది. నడుము నొప్పి అన్నందుకు వెనక కూర్చున్న నా భార్యను రెండుసార్లు కసిరాను. చివరికి గోదావరిఖనిలో ఒక మెకానిక్ దగ్గర ఆపాను. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వెనక చక్రం షాక్ అబ్జార్బర్లు చూసి మండిపడ్డాడు.

"నీ ఒక్కని బరువుకే స్ప్రింగులు మెత్తగ పెట్టుకున్నవ్. ఎనుక నీ పెండ్లాం, గిన్ని బ్యాగులు ఎక్కినంక గట్టిగ చెయ్యాలె గద!"

"ఆవిడకి ఎప్పుడూ ఏదో ఒక నొప్పేనండీ," అన్నాను, నేనూ కోపంగానే.

ఆయన తాళం లాక్కున్నాడు. "ఎనుక కూసో."

నన్నూ బ్యాగులనూ ఎక్కించుకుని బొగ్గు లారీల రోడ్డు మీద తిప్పాడు. మూడో గుంతకే వెన్ను జివ్వుమని, ఆపమని అరిచాను.

"బొగ్గుబాయిల పక్కోడు నొప్పంటే ముందుగాల నమ్ముతం. తర్వాతనే అడుగుతం," అన్నాడు, తిరిగొచ్చి స్ప్రింగులు బిగిస్తూ.

నా భార్య ఆయనకు దండం పెట్టింది. మంచిర్యాల దాటేదాకా నా భుజం పట్టుకోకుండా వెనక కడ్డీయే పట్టుకుని కూర్చుంది.