ఫోనుకు తీసిన దిష్టి

నేను చెప్తా ఉంటే పక్కింటి కోడలు నసీమా రాస్తా ఉంది. నాకు సంతకం చెయ్యడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఇందులో మాటలు నావి, అక్షరాలు ఆ పిల్లవి.

దెయ్యాలూ దిష్టీ నేను నమ్మిన మనిషిని కాదు. మా ఆయన లారీ డ్రైవరు. మాచర్లలో నాపరాయి లోడెత్తుకుని అడివి దారుల్లో తిరిగినోడు. నీకెప్పుడన్నా ఏమన్నా కనపడిందా అని అడిగితే, చెకింగోళ్ళు తప్ప ఎవరూ కనపళ్ళేదే అనేవాడు. ఆయన పోయి చానా ఏళ్ళయింది. ఇంతవరకు నా కల్లోకి కూడా రాలా. దెయ్యాలనేవి ఉంటే ఆ మనిషి టీ అడగటానికన్నా రాకుండా ఉంటాడా? అదీ నా లెక్క.

అట్టాంటి నేను ఇది చెప్పడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్తా.

నరసరావుపేటలో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటన్నా. మిరపకాయల గోడౌన్లో తొడిమలు తీసే పని. మాకు ఒక్కటే కూతురు, లావణ్య. దాన్ని గోడౌన్లో గోతాల మధ్య పడుకోబెట్టి పెంచా. వేరే పిల్లలు ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి ఏడిచేవాళ్ళు. ఇది మాత్రం హాయిగా నిద్రపోయేది. ఇంటికొచ్చి మజ్జిగతో చేతులు రుద్ది కడుక్కుంటే గానీ దాని తల దువ్వేదాన్ని కాదు. చేతులకి పోయేది గానీ చీరకి పోయేది కాదు ఆ ఘాటు. స్కూలు నుంచి వచ్చి నా కొంగులో మొహం పెట్టి, అమ్మ వాసన అనేది.

అది బాగా చదివింది. బ్యాంకు లోను తీసుకుని పై చదువుకి జర్మనీ పోయింది. నాకు చదవటం రాదు కాబట్టి రోజూ వాయిస్ పెట్టేది. మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని నొక్కితే గోడౌన్లో ఆడోళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు.

మొదట్లో అన్నీ వింతలే. చెత్తని రకానికో డబ్బాలో వెయ్యాలంట. తప్పు డబ్బాలో వేస్తే పక్క బిల్డింగు ముసలాయన తీసి మళ్ళీ సరైన దాంట్లో వేసి, ఏమీ అనకుండా పోయాడంట. తిట్టినా బాగుండేదమ్మా అంది. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారంట. బట్టలుతికే మిషను కింద నేలమాళిగలో ఉంటే, అది తిరిగినంతసేపూ దాని ముందే కూర్చునేదంట, అక్కడ చప్పుడన్నా ఉంటది కదా అని.

మా గోడౌన్లో ఒకామె ఉంది, నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. "ఒక్కత్తే గది, ఒక్కత్తే మంచం, మొగుడి గురక లేదు. నన్ను పంపు అక్కా, నేనుంటా" అనేది. అందరం నవ్వేవాళ్ళం. నాకూ అట్టానే అనిపించేది. మా ఇంట్లో ఒంటరితనం అనేదానికి చోటు యాడిది? గోడవతల నసీమా అత్త మీరాబక్క ఫ్యాను తిరిగితే నాకు వినపడిద్ది. నేను తుమ్మితే ఆమె పలికిద్ది.

చలి ముదిరే కొద్దీ దాని మాట మారింది. అప్పుడు చెప్పినవి నాకు గుర్తున్నాయి. మళ్ళీ మళ్ళీ నొక్కి విన్నా కదా.

"అమ్మా, ఇక్కడ ఎవరూ చెడ్డోళ్ళు కాదు. ఎదురైతే నవ్వుతారు. ఆ నవ్వు అక్కడికే అయిపోయిద్ది." ఇది ఒకరోజు.

"ఇవ్వాళ పొద్దున్నుంచి నా పేరు ఎవ్వరూ పిలవలా. గదిలో నేనే ఒకసారి పైకి అనుకున్నా. వేరే ఎవర్నో పిలిచినట్టుంది." ఇది ఇంకోరోజు.

ఒక్కదానికి అన్నం వండటం చేతకావట్లేదంది. గ్లాసు పోస్తే మిగిలిపోయిద్దంట, అర గ్లాసు పోస్తే అడుగంటిద్దంట. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిద్దంట. ఎండొచ్చిన రోజు లేచి గది ఊడ్చుకుని పాటలు పెట్టుకునేది. మబ్బు పట్టిన రోజు మంచం దిగేది కాదు. "ఏదన్నా కారణం ఉంటే ఏడవచ్చు. కారణం లేదమ్మా. నా మనసు మీద నాకు పెత్తనం లేదు" అంది.

నేనేమనాలి? తిన్నావా, దుప్పటి కప్పుకున్నావా అనేదాన్ని. పోనీ వచ్చెయ్యి అని కూడా అన్నా. "మధ్యలో వస్తే మొహం ఎట్టా చూపించను" అంది.

తర్వాత వాయిస్‌లు పొట్టివైపోయినయ్. చివరిది గురువారం వచ్చింది. "నాకేం కాలేదమ్మా. నిద్రొస్తంది, అంతే." దాంట్లో ఏమీ లేదు గానీ ఆ గొంతులో మనిషి లేదు.

శుక్రవారం ఏమీ రాలా. నేను చేస్తే రింగవుతంది, ఎత్తదు. శనివారానికి రింగు కూడా లేదు. వేరే ఊళ్ళో చదివే దాని స్నేహితురాలికి నసీమా చేత చేయించా. ఆ పిల్లకీ ఎత్తలా. హాస్టలు ఆఫీసుకి మెయిలు పెట్టానాంటీ, సోమవారం గానీ తెరవరు అంది. విమానం ఎక్కి పోదామంటే నాకు పాస్‌పోర్టు అంటే ఏందో కూడా తెలియదు. నా పిల్ల ఆ గదిలో ఉందో లేదో, ఉంటే ఎట్టా ఉందో చెప్పే మనిషి ఒక్కరు లేరు.

ఆదివారం దీపాలు పెట్టేవేళ మీరాబక్క గుమ్మంలోకొచ్చింది.

"ఏమే కోటమ్మా, పిల్లకి దిష్టి తగిలిందే. విమానం ఎక్కే ఫోటో వీధి వీధంతా చూపించావు."

"ఊరుకో అక్కా. దిష్టి అంత దూరం పోయిద్దా?"

"పిల్ల పోలా? ఇదీ పోయిద్ది. నీ సొమ్మేం పోయింది, గుప్పెడు కాయలేగా."

నమ్మి ఒప్పుకోలా. చేతులు ఊరకే పెట్టుకుని కూర్చోలేక ఒప్పుకున్నా.

దిష్టి సంగతి తెలియనోళ్ళకి చెప్తా. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. దిష్టి లేకపోతే ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గుద్ది. ఉంటే మాత్రం కాయ మాడినా ఘాటు రాదంటారు. మనిషి ఊళ్ళో లేకపోతే విడిచిన బట్టకి తీస్తారు. లావణ్య బట్టలన్నీ నేను ఉతికి మడిచి పెట్టేశా. విడిచింది ఒక్కటీ లేదు.

"ఫోనుకి తీయవే. పిల్ల గొంతంతా దాంట్లోనేగా ఉంది" అంది మీరాబక్క. నసీమా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలా. ఫోను తీసి ముక్కాలి పీట మీద పెట్టా.

మాది గ్యాసు పొయ్యి. వీధి చివర ఇస్త్రీ బండి సాంబయ్య పాత బాణలిలో నిప్పులు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎర్రగా కణకణలాడతన్నయ్. నసీమా ఆ ఆఖరి వాయిస్ నొక్కింది. నాకేం కాలేదమ్మా, నిద్రొస్తంది అని అది అంటా ఉంటే నేను గుప్పిట ఫోను చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేశా.

మీరాబక్కకి ఆయాసం ఉంది. ముందే కొంగు ముక్కుకి కట్టుకుని మెట్టు దిగి నిలబడింది. సాంబయ్య మొహం తిప్పుకున్నాడు.

ఉప్పు చిటపటలాడింది. కాయలు ఉబ్బినయ్, నల్లబడినయ్, పొగ లేచింది. ఎవరూ దగ్గలా.

సాంబయ్య వంగి చూశాడు. "ఏం కాయలు పిన్నీ ఇవి, బెండకాయలా?"

మీరాబక్క కొంగు విప్పి నా వంక చూసింది.

నాకు కోపం వచ్చింది. పోయినేటి కాయలు, కారం పోయుంటది అన్నా. అన్నా గానీ, అవి నకరికల్లు చేలో కోతకి పోయినప్పుడు నేను స్వయంగా తెచ్చుకున్న కాయలు. నేనే డాబా మీద ఎండబెట్టి, నేనే డబ్బాలో పోసి మూత బిగించా. వంగి ఆ పొగలో మొహం పెట్టా. ఎండుగడ్డి కాలినట్టుంది. అంతే.

మర్నాడు గోడౌన్లో అన్నాలప్పుడు ఫోను మోగింది. బొమ్మ కనపడే కాల్. లావణ్యే. కళ్ళు గుంటలు పడినయ్, జుట్టు చిక్కులు పడింది. ఒంటి మీద ఎవరిదో కోటు. నేను గోతాల వెనక్కి పోయి కూర్చున్నా. దిష్టి సంగతి నేను ఎత్తలా. అదే చెప్పుకుంటా పోయింది.

గురువారం నుంచి మంచం దిగలేదంట. ఏమీ తినలేదంట. ఫోను ఛార్జింగ్ అయిపోతే పెట్టాలనిపించలేదంట. తలుపు గడియ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుందంట. ఆదివారం మధ్యాహ్నం దగ్గొచ్చిందంట. కళ్ళు మండినయ్యంట. గదంతా మిరపకాయలు మాడిన ఘాటు.

"మొదట నువ్వొచ్చావనుకున్నానమ్మా" అంది.

ఇటు తిరిగి చూసిందంట. ఎవరూ లేరంట. అంతలో పైకప్పుకి ఉండే మిషను, పొగొస్తే కూసేది, మోగిందంట. అది మోగితే హాస్టలంతా కిందకి దిగాలి, అది అక్కడి రూలు. తలుపు మీద ఎవరో గట్టిగా కొడతా ఉంటే లేచి గడియ తీసిందంట.

కొట్టింది ఎదురు గది పిల్ల. ఏదో దేశం పేరు చెప్పింది, నాకు నోరు తిరగలా. అప్పటిదాకా ఇద్దరూ ఎదురైతే తల ఊపుకోవడమే గానీ మాట్లాడుకుంది లేదు. ఆ పిల్ల కూడా కళ్ళనీళ్ళు కారతా దగ్గుతా ఉందంట. ఏం వండుతున్నావ్, నన్ను చంపుతావా అని అడిగిందంట. చెప్పులు కూడా లేకుండా మంచులోకి దిగితే, తన కోటు తీసి దీనికి కప్పిందంట. ఫైరింజనోళ్ళొచ్చి గదంతా వెతికారు. మోగింది ఆ గదిలో మిషనే అన్నారు. పొయ్యి చల్లగా ఉంది, గిన్నె ఎండిపోయి ఉంది. ఏమీ దొరకలా. వాళ్ళు పోయాక ఎదురు గది పిల్ల దీన్ని తన గదిలోకి తీసుకుపోయి సూప్ పోసింది. దీని మొహం చూసి ఆ రాత్రి ఒంటరిగా వదల్లేదంట.

అది జర్మనీ పోయేటప్పుడు నేను ఎండుమిరపకాయలు గుడ్డలో మూటకట్టి సూదితో కుట్టి పెట్టా. ఆ మూట ఏమైందని అడిగా. మంచం కింద పెట్టెలోంచి తీసి చూపించింది. నా కుట్టు కుట్టినట్టే ఉంది.

ఆ రోజు లేవకపోతే ఏమయ్యేది అని నేను అడగలా. అదీ చెప్పలా.

సాయంత్రం నసీమా ఆ దేశం టైముకీ మన టైముకీ లెక్క కట్టింది. మేం వాకిట్లో నిప్పుల ముందు నిలబడ్డ వేళకి అక్కడ ఆదివారం మధ్యాహ్నమే. నసీమా ఈసారి నవ్వలా.

అప్పుడు నేను అదే డబ్బాలోంచి కాయలు తీసి, తుంచి నూనెలో వేశా. క్షణం పట్టలా. నాకు ఊపిరాడలా. గోడవతల మీరాబక్క దగ్గుతా కేకేసింది. "ఏమే కోటమ్మా, తిరగమోతా అది, మమ్మల్ని తగలెయ్యడమా?"

ఇప్పుడు లావణ్య కాలేజీలో డాక్టరమ్మ దగ్గరికి పోతంది. మనసు కుదుటపడటానికి మందులిచ్చారు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడిస్తన్నారు. మబ్బు రోజులు ఇంకా ఉన్నాయంట. ఉన్నా లేస్తందంట. తినకుండా పడుకున్న మనిషికి లేని వాసనలు తగలొచ్చని ఆ డాక్టరమ్మ చెప్పిందంట. చదువుకున్నామె, అబద్ధం చెప్పదు. సరే, నా పిల్లకి అట్టా అనిపించిందే అనుకుందాం. మరి ఎదురు గది పిల్ల ఎందుకు దగ్గింది? పైకప్పుకున్న మిషనుకి ఏం అనిపించింది? కింద గదిలో ఎవరో ఏదో మాడ్చారేమో అంటది లావణ్య. అయి ఉండొచ్చు. మాడ్చినోళ్ళు మాత్రం దొరకలా.

నా వైపు సంగతి కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళు కాయల్లో బతికా. కాయ మాడితే ఘాటు వచ్చి తీరిద్ది. ఆ పొద్దు రాలా. నేనేదో మహిమ చేశానని ఎవరన్నా అంటే ఒప్పుకోను. దిష్టి నమ్ముతావా అంటే ఇప్పటికీ ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

కానీ ఆదివారం పూట సాంబయ్య నిప్పులు తెచ్చి పెడతాడు. నేను ఫోను పీట మీద పెట్టి తిప్పి వేస్తా. ఆ ఘాటుకి మీరాబక్క వీధిలోకి పరిగెత్తుద్ది. నసీమా తిట్టుకుంటా కిటికీలు మూసిద్ది. నేను మాత్రం లేవను. అక్కడే కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారతా ఉంటే, కరువుదీరా దగ్గుకుంటా.