ఏం లేదండీ!

మా ఏటిగట్టు మీద ఊరికే పరిగెత్తే మనిషి ఉండేవాడు కాదు. ఎవరైనా పరిగెత్తుతున్నారంటే గట్టుకి గండి పడి ఉండాలి, లేదా ఎవరో పోయి ఉండాలి. గండి ఎప్పుడో గాని పడదు కాబట్టి పరుగు కనిపిస్తే అందరికీ రెండోదే ముందు గుర్తొచ్చేది. అలాంటి గట్టు మీద నేను సరదాగా పరుగు మొదలుపెట్టాను. సరదా అని ఇప్పుడు రాస్తున్నాను గాని, నా పరుగులో సరదా పాలు తక్కువ, భయం పాలు ఎక్కువ. పుట్టుపిరికివాణ్ణి నేను.

ఆ భయం మా తాత దగ్గర మొదలైంది. ఊరికి ఎడంగా ఉన్న మా పేటలో మాది చదువుకున్న ఇల్లు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివేది కూడా ఆయనే. కాని ఆయన తండ్రి, అంటే మా తాత, ఊరి కబుర్లు మోసినవాడు. రైతుల ఇళ్ళలో ఎవరైనా పోతే పొరుగూళ్ళలో ఉన్న బంధువులకి చెప్పిరమ్మని ఆయన్ని పంపేవారు. తలగుడ్డ చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని గట్టు వెంబడి పరుగున వెళ్ళేవాడట. ఆయన వస్తుంటే దారి పొడుగునా ఆడవాళ్ళు చేసే పని ఆపేసి నిలబడిపోయేవారట. మనిషి ఆగకుండా దాటిపోతే, హమ్మయ్య, మనకి కాదు అనుకుని మళ్ళీ పనిలో పడేవారట. నాకు ఊహ తెలిసేసరికే తాత ఆ పని మానేశాడు. చూపు కూడా పోయింది. పొద్దస్తమానం వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉండేవాడు. అయినా ఆయన పాదాలు చూస్తే నాకు దడ పుట్టేది.

"కబురు చెప్పాల్సిన ఇంటికి ఎలా ఎల్లేవోడివి తాతా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ఆ ఇంటి మలుపు దాకా పరుగే. మలుపు తిరిగేక నడక," అన్నాడు తాత. "పరిగెత్తుకుంటా పోయి గుమ్మంలో పడకూడదురా. మనం నడిచొత్తంటే ఆళ్ళకి సగం తెలిసిపోద్ది. ఆ కాసేపూ ఆళ్ళకి ఒదిలెయ్యాల."

ఎందుకు అడిగానా అనిపించింది. ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో ఎవరు నెమ్మదిగా నడిచి వచ్చినా అమ్మ చాటుకి పోయేవాణ్ణి.

హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు ఒకసారి అందర్నీ వరసగా నిలబెట్టి పరిగెత్తించారు. వెనకాల అడుగుల చప్పుడు వినిపించగానే నాకు గుండెలు జారిపోయాయి. ఆ చప్పుడు వినపడనంత దూరం పోవాలన్న ఒక్క ఆలోచనతో పరిగెత్తాను. తీరా చూస్తే నేనే ఫస్టు. స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అలమరలో పెట్టారు. రాత్రి అన్నాల దగ్గర అమ్మతో మాత్రం, "మా నాన్న పరుగు మా ఇంట్లో ఆగిపోవాలనే నేను చదువుకున్నాను. వీడు మళ్ళీ మొదలెట్టేడు," అన్నారు. కోపంగా అన్నట్టు లేదు. నాకు కోపమే నయమనిపించింది.

అమలాపురం కాలేజీలో ఉండగా పరువు పోయింది. పోటీ అంటే చాలు, ముందురోజు నుంచీ నా కడుపు నా మాట వినేది కాదు. వీడు గ్రౌండులో కంటే చెంబు పట్టుకునే ఎక్కువ పరిగెత్తుతాడని హాస్టల్లో ఏడిపించేవారు. మైలు పరుగులో చివరి చుట్టు దాకా నేనే ముందున్నాను. అందరూ నావైపే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. ఊపిరి అందలేదు. కాళ్ళు వాటంతట అవే నడక మొదలుపెట్టాయి. ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళిపోయారు. గోడ మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. నా పరుగు బూట్లు తీసుకెళ్ళి మా అటక మీద పడేశాను. కొన్నేళ్ళు వాటి మొహం చూడలేదు.

చదువైపోయి రాజోలు సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరాక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీకి అంటుకుపోయి పొట్ట వచ్చింది. ఎనభైల మొదట్లో ఆ ఊరి కుర్రాళ్ళు కొందరు కలిసి జనవరి ఇరవైయ్యారుకి రోడ్డు పరుగు పెడుతున్నామని గోడల మీద రాశారు. రాజోలు నుంచి తాటిపాక వెళ్ళి తిరిగి రావాలి. వద్దు అనుకుంటూనే పేరిచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ఈలలు ఇంకా చెవుల్లో ఉన్నాయి, అంతే.

తెల్లారగట్ల పేట నుంచి బయల్దేరి గట్టు మీద రేవు దాకా పోయి వెనక్కి రావడం నా సాధన. మొదటిరోజే గొడవైంది. రేవుకి సగం దూరంలో గట్టు మలుపు తిరిగే చోట, కొబ్బరితోట ముందు ఒక రైతుల ఇల్లు ఉంది. ఆ ఇంటి పెద్దావిడ కళ్ళాపి జల్లుతున్నదల్లా నన్ను చూసి చెంబు వదిలేసింది.

"ఎవరు బాబూ? ఎవరు పోయేరు?"

"ఎవరూ పోలేదండీ. పందెం ఉందండీ రాజోల్లో."

"పందెమా!" అని అరుగు మీద కూలబడింది. "నువ్వు మేష్టారబ్బాయివి కదూ? నా గుండెలు తీసేసేవు కదయ్యా!"

ఆవిడే కాదు, దారిలో ఉన్న ఇళ్ళన్నిటిదీ అదే వరస. సంగతి తెలిసి నాన్నగారు పేపరు మడిచి పెట్టి, "విన్నావా? వాళ్ళకి నువ్వు కనపళ్ళేదు, మా నాన్న కనపడ్డాడు," అన్నారు. నేను మానేద్దామనే అనుకున్నాను. తాతే అడ్డుపడ్డాడు.

"ఖాళీగా పరిగెత్తేవోడు దూరం నుంచే కేకెయ్యాలిరా. ఏం లేదండీ అని. కబురున్నోడే నోరు మూసుకుంటాడు."

మర్నాటి నుంచి అదే చేశాను. ఒక్కో ఇల్లు దగ్గరపడుతుండగా "ఏం లేదండీ!" అని అరిచేవాణ్ణి. మొదట సిగ్గేసింది. పాలక్యాను సైకిలుకి తగిలించుకుని పోయే అతను నన్ను "ఏం లేదండీగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. మెల్లగా అలవాటైంది. మలుపు దగ్గర నేను కేక వేయగానే ఆ పెద్దావిడ తల ఎత్తకుండానే "ఆఁ, వెళ్ళు, వెళ్ళు" అనేది. ఆ మాట వింటే నా కాళ్ళకి బలం వచ్చేది. నా పరుగుకి భయపడని మనిషి ఒకరు దొరికారనిపించేది. నా జన్మలో భయం లేకుండా పరిగెత్తింది ఆ కొద్దివారాలే.

ఇంతలో ఆవిడ కొడుక్కి కామెర్లు ముదిరాయి. పడవ దాటించి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అల్లుడు కూడా వెళ్ళాడు. కోడలు మంచం పక్కనే ఉంది. ఇంట్లో ఈవిడా, కూతురూ, మనవలూ మిగిలారు. అప్పటి నుంచి ఆవిడ కళ్ళాపి చెంబుతో ముందే వచ్చి గట్టువైపు తిరిగి నిలబడేది. నేను కేక వేసేదాకా ఆ చెంబు వంచేది కాదు. అది చూసిన దగ్గర్నుంచి నాకు మళ్ళీ దడ మొదలైంది. గొంతు పట్టేసి కేక రాకపోతేనో? దగ్గొస్తేనో? మలుపు ఇంకా దూరం ఉండగానే గొంతు సవరించుకునేవాణ్ణి.

పందెం వారంలోకి వచ్చిన ఒకరోజు మంచు బాగా పట్టింది. వెళ్ళేటప్పుడు "ఏం లేదండీ!" అని గట్టిగానే అరిచాను. చెంబు వంగింది. నీళ్ళ చప్పుడు వింటూ రేవు దాకా పోయాను. అప్పుడే మొదటి పడవ వచ్చింది. అందులోంచి ఆ ఇంటి అల్లుడు దిగాడు. ఇసకలో అలాగే నిలబడిపోయాడు. నేను వెనక్కి తిరుగుతుంటే పిలిచాడు.

"మేష్టారబ్బాయివి కదూ? మా బావమరిది పోయేడు బాబూ."

నేను అతని వెనక పడవలోకి చూశాను.

"వెనక పంటు పడవ మీద తీసుకొస్తున్నారు. నేనిక్కడ ఉండాలి. ఉండక్కర్లేకపోయినా నా వల్ల కాదు బాబూ, మా అత్తగారి మొహం నేను చూళ్ళేను. నువ్వు ఎలాగూ అటే పోతున్నావు. ఒక్కమాట చెప్పెయ్యి." కాస్త ఆగి, "మీ తాతైతే..." అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, తల వంచుకుని, "తప్పుగా అనుకోకు," అన్నాడు.

కుదరదు అనాల్సింది. మా నాన్నగారి కోసమైనా అనాల్సింది. ఆ మనిషి మొహం చూసి అనలేకపోయాను. పరుగందుకున్నాను. అంత భయం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. తోటల్లోంచి అడ్డదారిన పోయి పేటలో పడదామా అనుకున్నాను. ఏమీ ఎరగనట్టు దాటిపోయి నాన్నగారిని పంపిద్దామా అనుకున్నాను. దాటిపోవాలంటే కేక వేయాలి. ఇందాక ఏం లేదని చెప్పి వచ్చింది నేనే. అడుగడుగుకీ మలుపు దగ్గరైపోతోంది. దాన్ని ఆపే దారి లేదు. మంచులో కొబ్బరిచెట్లు కనిపించాయి. ఆ వెనకే ఇంటి పెంకులు కనిపించాయి.

మలుపు తిరిగాను. పరుగు ఆగిపోయింది. నేను ఆపలేదు. నడుస్తున్నాను.

ఆవిడ ముగ్గు వేస్తోంది. నా అడుగుల చప్పుడుకి తల ఎత్తి కేక కోసం చూసింది. కేక రాలేదు. చూస్తూనే ఉంది. ముగ్గు చేతిలోంచి కారిపోతోంది.

"నడుస్తున్నావేం బాబూ?"

నేను ఇంకో అడుగు వేశాను.

"పరిగెత్తు," అంది. గొంతు పైకి లేవలేదు, బతిమాలుకుంటున్నట్టుంది. "పరిగెత్తు బాబూ. దాటిపో. ఏం లేదను. రోజూ అంటావు కదా, అను."

ఏం చెప్పానో నాకు తెలియదు. రేవులో అల్లుడుగారు ఉన్నారండీ అన్నానని మాత్రం గుర్తుంది. ఆవిడ "ఆయ్" అంది, ఎవరో మామూలు పని చెప్పినట్టు. తర్వాత ముగ్గు మీదే కూర్చుండిపోయింది. లోపల్నుంచి కూతురు బయటికొచ్చి తల్లినీ నన్నూ చూసింది. ఆ అమ్మాయి ఏడుపు మా పేట దాకా నా వెనకాలే వచ్చింది.

ఇంటికెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఇంక ఈ పరుగు చాలు అంటారనుకున్నాను.

"మలుపు నుంచి నడిచేవా?" అన్నారు ఆయన.

"నడిచేనండి."

ఆయన తాతవైపు చూశారు. తాత మంచం మీద నుంచే, "ముందు కాలవలో కాళ్ళు కడుక్కురారా," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు గట్టెక్కలేదు. పందేనికి మాత్రం వెళ్ళాను. పేరు ఇచ్చాక వెళ్ళకపోవడానికీ ధైర్యం కావాలి. అలవాటు ప్రకారం బయల్దేరే ముందు తాగిన సోడా కక్కేశాను. తాటిపాక చుట్టి తిరిగి వస్తుంటే డొక్కలో పోటు వచ్చింది. కాలేజీలో లాగే కాళ్ళు నడకకి సిద్ధపడ్డాయి. సరిగ్గా అక్కడే రోడ్డు పక్కన ఒకావిడ చంకలో పిల్లతో గుమ్మంలో నిలబడి నావైపు చూస్తోంది. పందెం చూడ్డానికే నిలబడి ఉంటుంది పాపం. ఇప్పుడు నడిస్తే ఈవిడ ఏమనుకుంటుందో అన్న భయంతో డొక్క పట్టుకునే పరిగెత్తాను. మూడోవాడిగా వచ్చాను. స్టీలు క్యారేజీ ఇచ్చి చప్పట్లు కొట్టారు. దాన్ని సైకిలుకి తగిలించుకుని ఇంటికొస్తుంటే ఏ సంతోషమూ కలగలేదు.

ఆ ఇంట్లో దినకార్యాలు అయ్యాక ఒక ఉదయం బూట్లు వేసుకున్నాను. ఆ ఇంటి ముందు నుంచి ఒకసారి పోలేకపోతే ఇంక జన్మలో పరిగెత్తలేనని నాకు తెలుసు. దారిలో ఇళ్ళ దగ్గర కేకలు వేశాను. మలుపు వచ్చింది. అక్కడ ఆ మాట ఎలా అనను? అంతా అయిపోయిన ఇంటి ముందు ఏం లేదండీ అని ఏ మొహం పెట్టుకుని అరవను? గట్టు అంచున గడ్డి మీదకి దిగి, చప్పుడు కాకుండా పోదామనుకున్నాను.

"ఎవరది?"

అరుగు మీద చీకట్లో కూర్చుని ఉంది ఆవిడ. మనవరాలు ఒళ్ళో నిద్రపోతోంది.

"నేనండీ. మేష్టారబ్బాయినండీ."

"కేకెయ్యలేదేం?"

నేను గడ్డి మీంచి మళ్ళీ గట్టెక్కాను.

"ఒక్కడితో అయిపోతుందా బాబూ?" అంది మనవరాలి తల నిమురుతూ. "కూతురుంది. కోడలుంది. ఈ పిల్లలున్నారు. నువ్వు నోరు మూసుకుని వస్తే నా ప్రాణం ఎక్కడుంటుంది చెప్పు? కేకేసి వెళ్ళు."

"ఏం లేదండీ," అని గొణిగాను.

"వినపళ్ళేదు," అంది.

వెనక్కి మలుపు దాకా పోయి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చి, గొంతు చించుకుని అరిచాను.