చేతికిచ్చిన ఉప్పు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర, పెరుగన్నంలోకి కాస్త ఉప్పు కావాలంటే మా కోడలు డబ్బా తెచ్చి నేరుగా నా చేతిలో పెట్టింది. ఆ పిల్లకేం తెలుసు, పాపం, ఎవరూ చెప్పలేదు. ఉప్పు చేతికివ్వకూడదని, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలని, లేకపోతే ఇద్దరి మధ్యా తగువులొస్తాయని మన తరం ఆడవాళ్ళకి వంటింట్లో అడుగుపెట్టిన రోజే నేర్పేవారు కదా. ఆ డబ్బా చేతిలో పడగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళంతా బీపీ అంటూ చప్పిడి కూరలు తింటూ నా కంచంలో ఆవకాయ వంక కుళ్ళుగా చూస్తారు గానీ, నాకు ఉప్పు మందు. అదెలా మందయిందో చెప్పాలంటే యాభై ఏళ్ళు వెనక్కి, జగ్గయ్యపేటలో మేమున్న పెంకుటింటికి వెళ్ళాలి.

మాది నందిగామ. డెబ్భైల మొదట్లో నన్ను జగ్గయ్యపేట ఇచ్చారు. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా, మామగారు అప్పటికే లేరు, ఇంట్లో ఉండేది మేమిద్దరం, అత్తగారూ. ఆవిడ నోటికి జడిసి పాలమనిషి కూడా నీళ్ళు కలపడానికి వెనకాడేది. నేనూ జడిసేదాన్ని. కూరలో ఉప్పు తక్కువైతే ఆవిడ ఏమీ అనకుండా జాడీ తెచ్చి నా ముందు నేలమీద ఠక్కున పెట్టేది; ఆ చప్పుడే నాకు తిట్టు.

పెళ్ళయిన రెండో ఏట నాకు వాంతులు పట్టుకున్నాయి. అన్నం సయించదు, నిలబడితే కళ్ళు తిరుగుతాయి, ఎంతసేపూ ఉప్పు మీదకీ ఊరగాయ మీదకీ మనసు పోతుంది. నెలసరి కూడా తప్పింది. ఇంకేముంది, వేవిళ్ళే అనుకున్నారు అందరూ, నేను కూడా. మా అత్తగారు తన జన్మలో ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది, పక్కింటి సాయిబుగారి భార్య నిమ్మకాయ ఊరగాయ గిన్నె నిండా పంపేది, మా అమ్మ నందిగామ నుంచి వచ్చేపోయే వాళ్ళ చేత చింతకాయ పచ్చడి అందజేసేది. తలుచుకుంటే ఇప్పుడు అనిపిస్తుంది, ఆ నాలుగు నెలలూ నన్ను నిలబెట్టింది ఆ ఊరగాయలేనని. కానీ అయిదో నెల వచ్చినా కడుపు ఎత్తుగా కనబడదు సరికదా, ఉన్న ఒళ్ళు కూడా తరిగిపోయి జాకెట్లు వదులయ్యాయి. మంత్రసాని వచ్చి చూసి పెదవి విరిచింది.

అది చాలనట్టు ఒళ్ళు నల్లబడడం మొదలైంది. ముందు అరచేతుల్లో గీతలు, తర్వాత వేళ్ళ కణుపులు, ఆఖరికి నేరేడుపళ్ళు తిన్నట్టు చిగుళ్ళు. సున్నపురాయి దుమ్ముకి చెట్లు కూడా తెల్లబడే ఊళ్ళో నేనొక్కదాన్నే నల్లబడుతున్నానని మా ఆయన నవ్వించబోతే ఏడ్చేశాను. పచ్చగా ఉంటుందని చేసుకొచ్చిన పిల్ల కదా నేను. పేరంటాలకి వెళ్ళడం మానేశాను, అద్దంలోకి చూడకుండా వేలితో తడుముకుని బొట్టు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. కడుపు లేదని తెలిసిన రోజు కంటే, ఊళ్ళోవాళ్ళు నా ముఖం చూసి చూపు తిప్పుకున్న రోజే నాకు ఎక్కువ బాధ వేసింది.

అప్పుడు ఎవరో పొరుగూరి వైద్యుడి పేరు చెప్పారు. ఆయన నాడి చూసి ఒంట్లో పైత్యం ముదిరిందన్నాడు, కషాయం ఇచ్చి నలభై రోజులు ఉప్పూ పులుపూ ముట్టకూడదని కఠిన పథ్యం పెట్టాడు. మా అత్తగారు ఏ పని చేసినా సగంలో వదిలే మనిషి కాదు. ఇంట్లో ఊరగాయ జాడీలన్నీ కొట్టుగదిలో పెట్టి తాళం వేసింది. తను కూడా నాతోపాటు ఉప్పులేని కూడే తినేది, నాకు ఎదురుగా కూర్చుని, ముఖం ఏమాత్రం చిట్లించకుండా. ఒక్క మా ఆయన కోసం ఉప్పు జాడీ వంటింట్లో మిగిలింది. నేను రోజురోజుకీ కుంగిపోతూ ఉంటే చుట్టాలు పుట్టింటికి పంపెయ్యమని సలహాలిచ్చారు, మా నాన్న నన్ను తీసుకెళ్ళడానికి బస్సెక్కి వచ్చాడు కూడా. తలుపు చాటునుంచి విన్నాను, ఆవిడ మా నాన్నతో అన్న మాట: "మా ఇంటికొచ్చాక పట్టుకున్న జబ్బండీ ఇది. బాగుచేసే పంపిస్తా." చచ్చిపోతానని నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఆ మాటకి ధైర్యం వచ్చింది.

పథ్యం మొదలైన పదో రోజో, పన్నెండో రోజో, మధ్యాహ్నం ఆవిడ పెరట్లో బట్టలు తీస్తోంది. నేను మంచం మీదనుంచి దిగి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆకలి కాదు, దాహమూ కాదు, ఒళ్ళంతా ఉప్పు కావాలంటోంది. జాడీ దగ్గరికైతే చేరాను గానీ మూత ఎత్తే శక్తి లేక అక్కడే కూలబడ్డాను. ఆవిడ వచ్చి చూసేసరికి నాకు మాట పెగలడం లేదు, ఉప్పు అని మాత్రం అన్నానట. వైద్యుడి మాట తప్పకూడదు. ఉప్పు చేతికివ్వకూడదు. ఆవిడ ఒక్క క్షణం నిలబడి నా ముఖంలోకి చూసింది. అంతే, జాడీలో చెయ్యి పెట్టి గుప్పెడు రాళ్ళుప్పు తీసి నా అరచేతిలో పోసింది. నా వేళ్ళు ముడుచుకోకపోతే తనే ముడిచి, ఆ పిడికిలి నా నోటి దగ్గర పెట్టి, చెంబుడు మజ్జిగ పట్టింది. తలుపు సందులోంచి పడిన ఎండ గడప దాటేలోపు నేను గోడకి ఆనుకుని కూర్చోగలిగాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు ఆవిడ. వైద్యుడి కషాయం పెరట్లో అరటిచెట్టుకి పోసి, నాకు పూటపూటా ఉప్పు మజ్జిగ ఇస్తూ కనిపెట్టి చూసింది. మూడో రోజు నేను నూతి దాకా నడిచాను. ఆ సాయంత్రమే కొడుకుని కూర్చోబెట్టి, తెల్లారి బెజవాడ ప్రయాణమని చెప్పేసింది.

బెజవాడలో డాక్టరుగారు మా ఆయన్ని ఏవేవో అడిగి రాసుకుంటూ ఉంటే ఆవిడ అడ్డుపడింది. "ఒక్క మాటండి డాక్టరుగారూ. ఉప్పిస్తే లేస్తందండి, మానిపిస్తే పడిపోతంది. నా కళ్ళతో చూశానండి." ఆయన కలం పక్కన పెట్టి నా అరచేతులు వెలుతురులోకి తిప్పి చూశారు, చిగుళ్ళు చూశారు. ఆసుపత్రిలో ఉంచి పరీక్షలు చేశాక చెప్పారు, మూత్రపిండాల మీద టోపీల్లాంటి చిన్న గ్రంథులు రెండుంటాయనీ, అవి తయారుచేయాల్సిన హార్మోన్లు నా ఒంట్లో లేవనీ, అందుకే ఉప్పు నిలవడం లేదనీ, లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే జబ్బనీ. రోజూ మాత్రలు వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ, ఒక్క పూట కూడా మానకూడదు. ఆ పథ్యం నలభై రోజులూ సాగి ఉంటే నన్ను తీసుకొచ్చే పని ఉండేది కాదన్నారు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నందిగామ స్టాండులో బస్సాగినప్పుడు చూస్తే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తాళం వేసింది తనేనని ఆవిడ బాధ. ఆ తాళం తీసింది కూడా ఆవిడేనని చెప్పడం అప్పట్లో నాకు చేతకాలేదు.

ఏడాది తిరిగేసరికి నా రంగు చాలావరకు నాకు తిరిగొచ్చింది. వేదాద్రి నరసింహస్వామికి ఆవిడ మొక్కుకున్న మొక్కు కూడా నా కాళ్ళమీద నేను నడిచే తీర్చాను. ఎనభైల మొదట్లో నాకు మళ్ళీ వాంతులైనప్పుడు ఆవిడ అసలు నమ్మలేదు, డాక్టరుగారు రూఢిగా చెప్పాకే ఊరగాయ జాడీ దించింది. అలా పుట్టినవాడే మా అబ్బాయి.

విచిత్రం చూడండి, ఎనభైలు అయిపోవస్తుండగా ఆవిడకి బీపీ వచ్చింది, ఉప్పు తగ్గించమన్నారు. నాకు గుప్పిట్లో ఉప్పు పోసిన మనిషికి నేను చప్పిడి కూడు పెట్టాను. రోజూ తగువే. జాడీ ఎక్కడ దాచినా కనిపెట్టేది, నేను లాక్కునేదాన్ని, ఇద్దరం వీధి వినేలా అరుచుకునేవాళ్ళం. "నీకు చేతికిచ్చినప్పుడే అనుకున్నానే, తగువులొస్తాయని!" అని ఆవిడే ముందు నవ్వేది.

ఆ నమ్మకం నిజమే మరి. ఆ మధ్యాహ్నం ఆవిడ నా చేతిలో ఉప్పు పోసిన దగ్గర్నుంచి పదిహేనేళ్ళకి పైగా తగువులాడుకున్నాం, తగువులాడడానికి నేను బతికి ఉన్నాను కాబట్టి. ఇప్పుడు మా కోడలు బంగారం, ఒక్క మాట ఎదురు చెప్పదు, మాత్ర వేళకి వేసుకున్నానో లేదో ఫోనులో గంట కొట్టించి మరీ కనుక్కుంటుంది. మొన్న ఆ ఉప్పు డబ్బా చేతిలో పెట్టుకుని, ఈ పిల్లయినా నాతో ఒకసారి గట్టిగా తగువేసుకుంటే బాగుండునని అనుకున్నాను.